మోలక్ రామ్ సుత్తి దెబ్బలు

మోలక్ రామ్‌కు బండి నడపడం కంటే బండిని తనిఖీ చేయడం మీదే మక్కువ ఎక్కువ. ఆయనకొక పికప్ ఉంది. దానికి నాలుగు చక్రాలు, ఒక ఇంజను, వెనక ఒక తొట్టి, దేవుడి దయవల్ల అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. అయినా తాళం తిప్పేముందు ఆ బండి చుట్టూ ఆయన ఎన్ని ప్రదక్షిణలు చేస్తాడంటే, ఈలోగా ఇంకొకరు కొండ దిగి, కింది పళ్ల మార్కెట్టు మండీలో ఆపిల్ పెట్టెలు దించి, పరోటా తిని, గడ్డం గీయించుకుని తిరిగి రావచ్చు.

ముందు బండి కింద నేల చూస్తాడు. ఆయిల్ చుక్క కనిపిస్తే వేలితో తీసి వాసన చూస్తాడు. తర్వాత బానెట్ ఎత్తి సీసాలన్నిటిలోకీ తొంగిచూస్తాడు. టైర్ల గాడుల్లో నాణెం గుచ్చి ఎంత అరిగాయో కొలుస్తాడు. లైట్లు, హారను, వైపర్లు, హ్యాండ్‌బ్రేకు, తొట్టి గొళ్లాలు, సరుకు కట్టే తాళ్లు, ఒక్కటీ వదలడు. ఎంత చేసినా ఆ బండి ఇంతవరకూ ఆయనకు ఒక్క జబ్బు కూడా చూపించలేదు. అదే ఆయన బాధేమోనని ఊళ్లో అనుకుంటారు.

ఆ ఊరు సిమ్లా పైకొండల్లోని ధరోగీ. ఇళ్లన్నీ వాలు మీద, తోటలు ఇంకా పై వాలు మీద. బండి నిలపడానికి ఊరు మొత్తానికీ ఒక్కటే చదును, రోడ్డు మలుపు దగ్గర. ఊళ్లో ఉన్న ఆరు పికప్‌లూ అక్కడే పక్కపక్కన నిలుస్తాయి. క్యాబిన్లకు తాళం వేసే అలవాటు ఎవరికీ లేదు, ఎందుకంటే దొంగ వచ్చినా ఆ రోడ్డు మీద ఎటు పోతాడు. ఒక బండి మోలక్ రామ్‌ది. దాని పక్కది జియాలాల్‌ది. జియాలాల్ ఇల్లు ఆ మలుపుకు సరిగ్గా పైన ఉంది. కాబట్టి ఈ వ్యవహారంలో అసలు బాధితుడు తనేనని అతని గట్టి నమ్మకం.

బాధకు కారణం సుత్తి. మోలక్ రామ్ దగ్గర అరచెయ్యంత సుత్తి ఉంది. తెల్లవారుతుండగానే కిందికొచ్చి, దానితో చక్రాల నట్ల మీద ఒక్కొక్కటిగా కొట్టి, తల వంచి వింటాడు. బిగుతుగా ఉన్న నట్టు ఠంగ్ అంటుందట. వదులైంది టప్ అంటుందట. ఊరంతా దుప్పట్లలో వెచ్చగా పడుకుని ఉండగా ఠంగ్, ఠంగ్, ఠంగ్ మొదలవుతుంది. కోళ్లు కూడా దాని తర్వాతే కూస్తాయి.

"చాచా, స్పానరు పెట్టి తిప్పితే తెలిసిపోతుంది కదా, ఈ వాయింపుడు దేనికి?" అని, ఆయన్ను బాబాయి వరసలో చాచా అని పిలిచే జియాలాల్ ఒకసారి అడిగాడు.

"స్పానరు కూడా పెడతాన్రా. ముందు అడుగుతాను, తర్వాత తిప్పి చూస్తాను."

"నట్టును అడుగుతావా?"

"నిన్ను అడిగితే నిజం చెప్తావా? అది చెప్తుంది."

ఒకరోజు కడుపు మండి, జియాలాల్ దుప్పట్లోంచే దెబ్బలు లెక్కపెట్టాడు. నూట ఇరవై. చక్రానికి ఐదు నట్లు, నాలుగు చక్రాలు, వెరసి ఇరవై. మిగతా వంద ఎందుకో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

"చాచాకు మతి పోయింది. కొట్టిందే మళ్లీ మళ్లీ కొడుతున్నాడు" అని భార్య కమ్లాతో తేల్చి చెప్పాడు.

"పొద్దున్నే లేచి కొట్టేవాడికి మతి పోయిందంటున్నావు, పడుకుని లెక్కపెట్టేవాడికి ఏం పోయినట్టు?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

సుత్తి తర్వాత చెప్పుకోదగినవి చెక్కదిమ్మలు. దేవదారు మొద్దు కోసి మోలక్ రామ్ స్వయంగా చెక్కుకున్నవి, రెండు. బండి ఆగితే చాలు, దిగి చక్రం కింద దిమ్మ పెడతాడు. హ్యాండ్‌బ్రేకు మనిషి చేసింది, వాలు దేవుడు చేసింది, ఎవరి మాట నెగ్గుతుందో ఎలా చెప్పగలం అంటాడు. ఆ దిమ్మలు సంచిలో వేసుకుని పెళ్లిళ్లకు కూడా వెళతాడు. మొన్న ఒక పెళ్లిలో బాజాలవాళ్ల జనరేటరు బండి వాలు మీద నిలిపి ఉండడం ఆయన కంట పడింది. ఇంకేం, దాని చక్రాల కింద దిమ్మలు పెట్టి భోజనానికి వెళ్లిపోయాడు. ఊరేగింపు బయల్దేరే వేళకు ఆరుగురు కలిసి నెట్టినా బండి కదలలేదు. పెళ్లికొడుకు గుర్రం మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంటే, మోలక్ రామ్ తీరిగ్గా చెయ్యి కడుక్కుని వచ్చి, "ఎంత భద్రంగా ఉందో చూశారా" అని దిమ్మలు తీశాడు.

ఆయన బండెక్కడం కూడా అందరివల్లా అయ్యే పని కాదు. ఎక్కువగా ఎక్కేది రామ్‌దాసి. ఊరందరికీ మేనత్త వరస కాబట్టి అందరూ బువా అంటారు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటరిగా తోట చూసుకుంటుంది, తన పండు అమ్ముడుపోయేదాకా తనే పక్కన ఉండాలంటుంది. అందుకని ఇరవై సీజన్లుగా మోలక్ రామ్ పక్క సీట్లో కూర్చుని మండీకి వెళుతోంది. తొట్టిలో అరవై పెట్టెలు సర్దగానే ఆయన పట్టా కప్పేస్తాడు.

"ఇంకో ఇరవై పట్టవా?" అని ఆవిడ ప్రతి ఏడూ అడుగుతుంది.

"ఎక్కించడానికేం, ఎక్కుతాయి బువా. ఆపడమే కుదరదు."

దారి పొడుగునా పాఠం నడుస్తుంది. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదే గేరు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. బ్రేకు పోతే ఏం చేయాలి, మొదట ఏది, తర్వాత ఏది, కొండవైపా లోయవైపా. మధ్యలో ఊటనీళ్ల దగ్గర బండి ఆపి, చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసి, "అలిసిపోయింది పాపం, ఒక టీ తాగుదాం" అంటాడు. అలిసింది బండి, తాగేది ఈయన. బువాకు తన పెళ్లి ఏ నెలలో జరిగిందో గుర్తు లేదు గానీ, మోలక్ రామ్ పాఠం టీతో సహా కంఠతా వచ్చేసింది.

ఇక జియాలాల్ సంగతి. అతను బండి నడిపే పద్ధతి వేరు. దిగుడు రాగానే గేరు తీసి న్యూట్రల్లో వదిలేస్తాడు. డీజిల్ మిగులుతుందని ఆ కొండల్లో సగం మంది చేసే పనే అది. బయట ఎడమవైపు అద్దానికి ఊరి దేవుడి ఎర్రగుడ్డ కట్టుకుని, ఒక చెయ్యి కిటికీ బయట పెట్టి, పాటలు వింటూ జారిపోతాడు. ఎనభై పెట్టెలు, తొంభై పెట్టెలు, ఎన్ని పట్టిస్తే అన్ని. బానెట్ ఎత్తడం పిరికివాళ్ల లక్షణం అని అతని అభిప్రాయం.

"ఎనిమిదేళ్లయింది బండి కొని. బ్రేకు ఆయిల్ సీసా ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఒక్క రిపేరు రాలేదు" అని టీకొట్టు దగ్గర అనేవాడు. "చెయ్యి మంచిదైతే బండి మంచిగా ఉంటుంది. రోజూ సుత్తితో కొడితే మనిషైనా చెడిపోతాడు."

అందరూ నవ్వేవారు. మోలక్ రామ్ కూడా నవ్వి, టీ ముగించి, "జియా, నీ వెనక ఎడమ చక్రం లోపలివైపు తడిగా ఉందిరా, మెకానిక్‌కు చూపించు" అనేవాడు.

"వానాకాలం చాచా. ఊరంతా తడిగానే ఉంది."

ఆ తడి గురించి మోలక్ రామ్ నెల రోజులు చెప్పాడు. పొద్దున చెప్పాడు, సాయంత్రం చెప్పాడు, ఎదురు బండిలో వస్తూ కిటికీలోంచి అరిచి చెప్పాడు. నెల చివర తడిగడ్డి మీద కాలు జారి, మడి గట్టు మీంచి పడి, కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. మంచంతో సహా రోడ్డు దాకా మోసుకొచ్చి జీపులోకి ఎక్కిస్తుంటే, నొప్పితో పళ్లు కరుచుకుంటూనే జియాలాల్ చొక్కా పట్టుకున్నాడు.

"వెనక ఎడమ చక్రం. మర్చిపోకు."

"ముందు నీ కాలు సంగతి చూసుకో చాచా."

"కాలు ఎక్కడికీ పోదు. ఆయిల్ పోతోంది."

నొప్పికి ఏదో కలవరిస్తున్నాడని అందరూ జాలిపడ్డారు. కట్టు కట్టాక ఆయన్ను కూతురు రామ్‌పుర్‌లోని తన ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున ధరోగీలో సుత్తి మోగలేదు. జియాలాల్ ఎనిమిదేళ్ల తర్వాత ఎండ ముక్కు మీద పడేదాకా పడుకున్నాడు. పెద్దాయన కాలు విరిగినందుకు బాధపడాలని అతనికి తెలుసు. మధ్యాహ్నం భోజనం చేశాక కాసేపు బాధపడ్డాడు.

పదిహేను రోజులు సుఖంగా గడిచాయి. తర్వాత ఊళ్లో బండ్లకు ఏదో గాలి సోకింది. ఒకరి రేడియేటర్లో నీళ్లు ఎండిపోయి ఇంజను పొగలు కక్కింది. ఇంకొకరి టైరు దారిలో చప్పబడితే, బండి కింద వేలాడే స్టెప్నీ దించి చూస్తే అది అంతకుముందే చప్పబడి ఉంది. మూడో బండికి నట్టు వదులై చక్రం వంకర్లు తిరుగుతూ ఇల్లు చేరింది. అందరూ కూర్చుని ఆలోచించారు. డీజిల్ కల్తీ అన్నారు, దిష్టి అన్నారు, పక్క ఊరివాళ్లు ఏదో చేయించారన్నారు. ఊరి దేవుడికి హల్వా పెట్టారు. దేవుడు హల్వా స్వీకరించాడు గానీ స్టెప్నీల్లో గాలి నింపలేదు.

ఇంతలో వడగళ్లు పడ్డాయి. బువా తోటలో సగం పండు నేలపాలైంది. మిగిలినదంతా కోసి సర్దితే ఎనభై పెట్టెలు తేలాయి. ఏడాది మొత్తం ఆ ఎనభైలోనే ఉంది. ఎండు కట్టెల నుంచి పైకప్పు రేకుల దాకా చలికాలం గడవాలంటే అవి మండీకి చేరాలి, అదీ వానకు రోడ్డు తెగిపోకముందే. మోలక్ రామ్ లేడు కాబట్టి ఆవిడ గతిలేక జియాలాల్‌ను అడిగింది.

"ఒక్క ట్రిప్పులో తీసుకెళ్తాను బువా. చాచా అయితే రెండు రోజులు, నాలుగు టీలు" అన్నాడు జియాలాల్.

"చక్రాలు చూశావా?"

"నాలుగున్నాయి."

బువా దేవుణ్ణి తలుచుకుని ఎక్కింది. ఊరి మలుపు దాటగానే జియాలాల్ అలవాటు ప్రకారం గేరు తీసేశాడు. బండి ఒక్కసారి తేలికపడినట్టయి వేగం అందుకుంది.

"ఏం చేశావు?"

"న్యూట్రల్ బువా. బండి దానంతటదే దిగుతుంది."

"కొండమీంచి రాయి కూడా దానంతటదే దిగుతుంది."

మూడు మలుపులు బాగానే దాటాయి. నాలుగో మలుపు ముందు జియాలాల్ బ్రేకు తొక్కితే, పెడల్ పెరుగులోకి దిగినట్టు మెత్తగా నేలదాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఎలాగో స్టీరింగు తిప్పి మలుపు దాటించాడు. పాట ఆపేశాడు.

"ఏమైంది?" అంది బువా.

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే పాటెందుకు ఆపావు?"

"బ్రేకు లేదు బువా."

కుడివైపు లోయ, అడుగున సన్నగా నది. తొట్టిలో ఎనభై పెట్టెలు వెనక నుంచి నెడుతున్నాయి. జియాలాల్‌కు ఎనిమిదేళ్ల అనుభవంలో ఒక్కటీ గుర్తు రాలేదు. చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. బువా మాత్రం కిటికీ పైన కడ్డీ పట్టుకుని, కళ్లు సగం మూసి, మోలక్ రామ్ యాసలోనే మొదలుపెట్టింది.

"పెడల్‌ను పంపు కొట్టినట్టు కొడుతూ ఉండు. ఆపకు."

కొట్టాడు. అడుగున కాస్త ఏదో పట్టుకున్నట్టు అనిపించింది.

"క్లచ్ తొక్కు. యాక్సిలరేటర్ ఒకసారి గట్టిగా తొక్కి వదులు. మూడో గేరు."

గేరు పళ్లు కొరికి లోపలికి వెళ్లింది. ఇంజను గోలపెట్టింది.

"ఇప్పుడు రెండు. స్టీరింగు వంకరపోనివ్వకు. హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగు, వదులు, లాగు. ఒక్కసారే లాగితే వెనకభాగం తిరుగుతుంది. కొండవైపు జరుపు. ఇంకా. మురుగుకాలవలోకి దించెయ్యి. అద్దం పోతే పోనీ."

ఎడమ చక్రాలు కాలవలోకి దిగాయి. బండి ఒరిగి, కొండరాతిని గీరుకుంటూ, అద్దాన్నీ దేవుడి ఎర్రగుడ్డనీ అక్కడే వదిలేసి, ముప్పై గజాలు పోయి ఆగింది. పాఠంలో తర్వాతి మాట "ఒక టీ తాగుదాం". బువా అదీ అనబోయి, చుట్టూ చూసి మానుకుంది.

ముందు ఆవిడే దిగింది, జియాలాల్ వైపు నుంచి, అతన్ని తోసుకుంటూ. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తెచ్చి చక్రం ముందు పెట్టింది. ఇంకొకటి తెచ్చి ఇంకో చక్రం ముందు పెట్టింది. తర్వాత తాళ్లు చూసింది. మూడు పెట్టెలు పగిలాయి, మిగతా డెబ్బై ఏడూ ఉన్నాయి. అప్పుడు రోడ్డు గట్టు మీద కూర్చుని జియాలాల్ ఒక్కణ్ణే కాకుండా వాళ్ల నాన్నను, తాతను కూడా కలిపి తిట్టింది. అది ముగిశాక ఊపిరి తీసుకుని, బానెట్ ఎత్తమంది.

జియాలాల్‌కు బానెట్ నిలబెట్టే కడ్డీ ఎక్కడుందో దొరకలేదు. అదీ బువాయే చూపించింది. బ్రేకు ఆయిల్ సీసా ఖాళీగా ఉంది.

"ఎనిమిదేళ్లలో ఇందులో ఒక్క చుక్క పోయలేదు బువా. ఎప్పుడూ ఇలా కాలేదు" అన్నాడు, ఆ సీసా తనకు ద్రోహం చేసినట్టు.

"ఒక్క చుక్క పోయలేదు?"

"ఒట్టు."

"మరి ఎనిమిదేళ్లూ ఎవరు పోశారు?"

జియాలాల్ వంగి సీసాను దగ్గరగా చూశాడు. సీసా మీద ఆయిల్ ఎంతవరకు ఉండాలో ఎర్రరంగుతో సన్నని గీత గీసి ఉంది. అలాంటి గీత ఊళ్లో మోలక్ రామ్ బండి సీసా మీదే ఉంటుందని ఇన్నాళ్లూ అందరూ అనుకునేవారు. సీసా మెడకు తుడుచుకునే గుడ్డ ముక్క చుట్టి ఉంది, నీలం గళ్లది, మోలక్ రామ్ పాత లుంగీది. చక్రాల దగ్గరకు వెళ్లి చూశాడు. ప్రతి నట్టు మీదా అదే ఎర్రరంగు చుక్క. బండికి ఇరవై నట్లు. నూట ఇరవై దెబ్బలు. చదును మీద ఆరు బండ్లు. లెక్క తప్పింది చాచాకు కాదని జియాలాల్‌కు నడిరోడ్డు మీద తెలిసొచ్చింది. బువా ఎదురుగా ఉండబట్టి ఆగాడు గానీ, సిగ్గుతో ఆ కాలవలోనే పడుకోవాలనిపించింది.

ఊరి నుంచి ఇంకో పికప్ వచ్చి బువా పెట్టెలను రెండు ట్రిప్పుల్లో మండీకి చేర్చింది. మొదటి ట్రిప్పులో అరవై ఎక్కగానే ఆవిడే పట్టా కప్పేసింది. రోడ్డు తెగింది ఆ తర్వాతి రోజు. జియాలాల్ బండిని మెకానిక్ విప్పి చూశాడు. వెనక ఎడమ చక్రం లోపల రబ్బరు చిరిగి ఆయిల్ కారుతోంది. మిగతాదంతా చూసి, "చక్రాల పైన కమాన్ పట్టీలకు గ్రీజు, బెల్టులు, అన్నీ ఎంత బాగా చూసుకున్నావయ్యా, నీలాంటివాళ్లు తక్కువ" అని భుజం తట్టాడు. మెచ్చుకోలు విని తల దించుకోవడం జియాలాల్‌కు అదే మొదలు.

రోడ్డూ బండీ బాగుపడగానే అతను తన తోట ఆపిల్ పెట్టె ఒకటి పట్టుకుని రామ్‌పుర్ వెళ్లాడు. మోలక్ రామ్ వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ రెండు చక్రాల కిందా దేవదారు దిమ్మలున్నాయి.

"బండి ఎక్కడ పెట్టావు?" అదే ఆయన మొదటి పలకరింపు.

"కింద రోడ్డు మీద."

"దిమ్మ?"

"రాయి పెట్టాను చాచా."

"వెళ్లేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడెయ్యి. లేకపోతే వెనక వచ్చేవాడికి తగులుతుంది."

జియాలాల్ మెట్టు మీద కూర్చున్నాడు. దారంతా కూడబెట్టుకున్న మాటలు పక్కన పెట్టేశాడు. "ఆయిల్ నువ్వే పోసేవాడివా?" అన్నాడు.

మోలక్ రామ్ బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయినవాడిలా గోడవైపు చూశాడు. "అప్పుడప్పుడు."

"ఎనిమిదేళ్లు చాచా."

"ఎనిమిదేళ్లలో అప్పుడప్పుడు."

"అందరి బండ్లకూనా?"

"నా బండి ఒక్కటే బాగుంటే నాకేం లాభం? ఆ రోడ్డు మీద ఎదురొచ్చేది మీరేగా. నా ప్రాణం కోసం చేసుకున్నాను, నీ కోసమని ఉబ్బిపోకు."

"ఎదురొచ్చే బండికి లోపల కమాన్లకు గ్రీజు కూడా పెట్టాలా?"

"గ్రీజు మిగిలింది."

"చెప్పి చేయొచ్చుగా."

"చెప్తే క్యాబిన్‌కు తాళం వేసుకునేవాడివి. బానెట్ తెరిచే మీట లోపలేగా ఉండేది."

జియాలాల్ తనలో తనే ఒప్పుకున్నాడు. నిజమే, వేసుకునేవాడు. మంచి తాళమే కొని మరీ వేసుకునేవాడు.

"ఆ చక్రం సంగతి మాత్రం నా చేతుల్లో లేదురా" అన్నాడు మోలక్ రామ్ మెల్లగా. "రబ్బరు మార్చాలంటే అంతా విప్పాలి. నువ్వు మెకానిక్‌కు చూపిస్తావేమోనని రోజూ పోస్తూ ఉన్నాను. ఇక్కడికొచ్చాక ఒక్కరోజూ సరిగ్గా నిద్రపట్టలేదు. మీరు బతికి బయటపడ్డారని బువా ఫోన్ చేసిన రోజు పడుకున్నాను." అని మూతి ముడిచి, ఆపిల్ ఒకటి తీసి నొక్కి చూసి, "పెట్టెకు తాడు వదులుగా కట్టావు" అన్నాడు.

జియాలాల్ చెయ్యి చాపాడు. "సుత్తి ఇవ్వు చాచా. నువ్వొచ్చేదాకా నేను కొడతాను."

సుత్తి కుర్చీలో తలగడ కిందే ఉంది. మోలక్ రామ్ దాన్ని ఇటూ అటూ తిప్పి, ఇవ్వడమా మానడమా అని తేల్చుకోలేక చూశాడు. "కొట్టడం ఎవరైనా కొడతారు. వినాలి. నీకు పాటలు విని విని చెవులు పోయాయి."

మర్నాడు తెల్లవారుతుండగా ధరోగీలో మళ్లీ సుత్తి మోగింది. నాలుగిళ్లలో నలుగురు మోలక్ రామ్ వచ్చేశాడనుకుని దుప్పటి తల మీదికి లాక్కున్నారు. పైన కిటికీ తెరుచుకుంది.

"ఒకరికి కాలు విరిగితే ఊరికి నిద్ర దొరికిందనుకున్నాను. ఇప్పుడు ఇంట్లోంచే మొదలైందా?" అంది కమ్లా.

జియాలాల్ తలెత్తలేదు. చక్రం పక్కన రాయి మీద ఫోన్ పెట్టి ఉంది. అవతల రామ్‌పుర్‌లో మోలక్ రామ్ దాన్ని చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. జియాలాల్ కొడుతున్నాడు, ఆయన వింటున్నాడు. నాలుగో బండి రెండో చక్రం దగ్గర ఫోన్ దగ్గింది.

"ఆగు. అది మళ్లీ కొట్టు."

"బాగానే ఉంది చాచా."

"బాగాలేదు. స్పానరు పెట్టు."

పెట్టాడు. నట్టు సగం చుట్టు తిరిగి బిగిసింది. మళ్లీ కొడితే ఠంగ్ అంది.  జియాలాల్ తర్వాతి దానికి జరిగాడు. ఆరో బండి దగ్గరికి వచ్చేసరికి ఎండ తోటల మీద పడుతోంది, భుజం లాగేస్తోంది, కడుపు టీ అడుగుతోంది.

"అయిపోయింది చాచా."

"ఎన్ని?"

"నూట ఇరవై."

ఫోన్‌లో సంతృప్తిగా ఒక నిట్టూర్పు వినిపించింది. జియాలాల్ మోకాళ్లు దులుపుకుని లేవబోయాడు.

"స్టెప్నీలు చూశావా?" అన్నాడు మోలక్ రామ్.

జియాలాల్ ఒకసారి ఇంటి వైపు, ఒకసారి వరసగా నిలబడ్డ ఆరు బండ్ల వైపు చూసి, ఫోన్ చేతబట్టుకుని మొదటి బండి కిందకు దూరాడు.